సముద్రపు డింభకాలు ఎక్కడ దిగుతాయి, ఎలా మారతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఏటా లార్వాల (డింభకాల) పాఠం అయిపోయి పరీక్షలు దగ్గరపడేసరికి అవే సందేహాలు మళ్లీ వస్తాయి. కొందరు క్లాసులో అడుగుతారు, కొందరు రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో పెడతారు. పీజీకి అనంతపురం వెళ్లినవాళ్లు, నెల్లూరు వైపు రొయ్యల హేచరీల్లో చేరినవాళ్లు కూడా ఫోన్ చేసి అవే అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## అసలు సంగతి

లార్వా అంటే పెద్ద జంతువుకు చిన్న సైజు పిల్లే కదా మేడమ్?

కాదు. మేకపిల్ల మేకలాగే ఉంటుంది. సముద్రంలో మాత్రం చాలా జంతువుల పిల్లలకు పెద్దవాటితో పోలికే ఉండదు. ఉండే చోటు వేరు, తినే తిండి వేరు, శరీరం కట్టుబడే వేరు.

పడవల అడుగున, రేవు స్తంభాల మీద సున్నపు గుల్లలా అంటుకొని ఉండే బార్నకిల్‌నే చూడండి. పైనున్న గుల్లను బట్టి చాలాకాలం దాన్ని నత్తలు, ఆల్చిప్పల జట్టులో వేశారు. ఐర్లాండ్‌లోని కార్క్ దగ్గర జాన్ వాన్ థాంప్సన్ అనే ఆర్మీ డాక్టరు సముద్రంలో దొరికిన చిన్న ఈదే జీవుల్ని గాజు పాత్రలో వేసి రోజూ గమనించారు. ఒక రాత్రి వాటిలో కొన్ని చర్మం విడిచి, పాత్ర అడుగున గట్టిగా అతుక్కొని బార్నకిల్స్ అయిపోయాయి. ఆయన 1830లో ఈ సంగతి ప్రచురించాక బార్నకిల్ రొయ్యలకు, పీతలకు చుట్టమని తేలింది. పెద్దయ్యాక గుల్ల దాచిన చుట్టరికాన్ని లార్వా బయటపెట్టింది.

మీ సిలబస్‌లో ఉన్న టోర్నేరియాది కూడా ఇలాంటి కథే. 1850 ప్రాంతంలో జొహన్నెస్ ముల్లర్ దాన్ని నక్షత్ర చేప లార్వా అనుకున్నారు. అది బెలనోగ్లోసస్ అనే, సముద్రపు అడుగున బతికే పురుగులాంటి జంతువు డింభకమని 1860ల చివర్లో మెచ్నికాఫ్ చూపించారు.

కడపలో కూర్చొని సముద్రం పురుగుల గురించి మాకేమిటికి?

ముద్దనూరు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి మొదటిసారి ఈ ప్రశ్న సూటిగా అడిగింది. అది అడగాల్సిన ప్రశ్నే.

మన కాళ్లకింద ఉన్నది ఒకప్పటి సముద్రపు అడుగు. వేంపల్లె చుట్టుపక్కల డోలమైట్ రాళ్లలో ఉల్లిపాయ కోస్తే కనిపించే పొరల్లాంటి గీతలు ఉంటాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట, లోతు తక్కువ ఉన్న సముద్రంలో సూక్ష్మజీవుల జిగురు పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకొని అలా రాయిగా మారాయి. అప్పటికి జంతువులే లేవు. జంతువులు వచ్చాక వాటి లార్వాలు దిగడానికి చోటు వెతుక్కునేటప్పుడు తడిమి చూసేది ఇదే రకం సూక్ష్మజీవుల పొరని. అంటే ఆ పొరలు మన ఊరి రాయిలో అచ్చుపడి ఉన్నాయి. ఈ పాఠం మొదలుపెట్టే రోజు నేను ఆ రాయి ముక్కను క్లాసులో అందరి చేతికీ ఇస్తాను.

ఇంకోటి, మన పిల్లలకు ఉద్యోగాలు దొరికే చోట్లలో నెల్లూరు తీరం హేచరీలు ఒకటి. అక్కడి పనంతా లార్వాలతోనే.

ఈ లార్వా గొడవంతా ఎందుకు? నేరుగా పిల్ల పుట్టొచ్చు కదా?

కొన్ని జాతుల్లో అలాగే పుడుతుంది. గుడ్డు లోంచి నేరుగా బుల్లి నత్త బయటికి వచ్చే జాతులు సముద్రంలో ఉన్నాయి. కానీ ఆయిస్టర్ (రాళ్లకు అతుక్కునే ఒక రకం ఆల్చిప్ప), పగడం, బార్నకిల్ లాంటివి పెద్దయ్యాక ఒక్క అంగుళం కదల్లేవు. కొత్త చోటికి పోవాలంటే చిన్నతనంలోనే పోవాలి. పైగా నీటి పైపొరల్లో కంటికి కనిపించని నాచు పుష్కలంగా ఉంటుంది. తల్లిదండ్రుల తిండికి పోటీపడకుండా పిల్లలు అక్కడ బతుకుతాయి.

దీనికి మూల్యం పెద్దది. ఒక పెద్ద ఆయిస్టర్ ఒక కాలంలో కోట్ల గుడ్లు వదులుతుంది. వాటిలో పెద్దయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండకపోవచ్చు.

## నీళ్లలో తేలే రోజులు

ఎన్ని రోజులు అట్లా తేలుతాయి?

జాతిని బట్టి చాలా తేడా ఉంటుంది. హెర్డ్‌మానియా వర్గానికి చెందిన, రాళ్లకు అతుక్కొని సంచిలా ఉండే సీ స్క్విర్ట్ లార్వా కొన్ని గంటలు, మహా అయితే ఒకట్రెండు రోజులు ఈదుతుంది. వెచ్చని రేవుల్లో గొట్టాలు కట్టుకొని ఉండే హైడ్రాయిడెస్ పురుగు లార్వా సుమారు అయిదు రోజులకు దిగడానికి తయారవుతుంది. ఆయిస్టర్లకు రెండు మూడు వారాలు పడుతుంది. ముళ్ల లాబ్‌స్టర్ల లార్వా గాజు ఆకులా పల్చగా, పారదర్శకంగా ఉంటుంది. అది నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా, నడిసముద్రంలో తిరుగుతుంది.

సద్ది కట్టుకొని బయల్దేరిందా, దారిలో తినేదా అన్నది ముఖ్యం. గుడ్డులోని పచ్చసొనే ఆధారమైనవి త్వరగా దిగిపోవాలి. నాచు తింటూ పెరిగేవి ఎక్కువ రోజులు ఉండగలవు.

అల ఎటు తోస్తే అటు పోవడమేనా? వాటి చేతుల్లో ఏమీ లేదా?

అడ్డంగా పోవడం వాటి చేతుల్లో పెద్దగా లేదు. చాలా లార్వాలు సెకనుకు కొన్ని మిల్లీమీటర్లే ఈదగలవు. ప్రవాహం అంతకు ఎన్నో రెట్లు వేగంగా పోతుంది.

కానీ పైకీ కిందికీ పోవడం వాటి చేతుల్లోనే ఉంది. కడప బస్టాండులో నిలబడ్డ మనిషి బస్సు నడపలేడు, కానీ ఏ బస్సు ఎక్కాలో తేల్చుకోగలడు. పైపొర నీరు ఒకవైపు, అడుగు నీరు ఇంకోవైపు పోతుంటాయి. వెలుగు, పీడనం, ఉప్పదనం తెలుసుకొని లార్వా తన పొరను ఎంచుకుంటుంది. నది సముద్రంలో కలిసే చోట్ల కొన్ని పీతల లార్వాలు పోటు వచ్చేటప్పుడు పైకి లేస్తాయి, ఆటు మొదలవగానే అడుగుకు దిగుతాయి. అట్లా మెట్టు మెట్టుగా లోపలికి చేరతాయి.

పుస్తకంలో ‘కాంపిటెంట్ లార్వా’ అని ఉంది. దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి?

హిందూపురం, ధర్మవరం వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. పట్టుపురుగు పండితేనే, గూడు అల్లుకోవడానికి, చంద్రిక అనే తట్ట మీదికి ఎక్కిస్తారు. పండని పురుగును ఎక్కిస్తే గూడు కట్టదు. కాంపిటెంట్ అంటే పండిన లార్వా. చోటు దొరికితే మారడానికి సిద్ధంగా ఉన్న లార్వా.

పండినట్టు శరీరంలోనే గుర్తులు కనిపిస్తాయి. ఆయిస్టర్ లార్వాకు నల్లటి కంటిచుక్క, పాకడానికి కాలు వస్తాయి. ముళ్ల బంతిలా ఉండే సీ అర్చిన్ లార్వాను ప్లూటియస్ అంటారు, దాని లోపల, ఎడమ పక్కన, కాబోయే అర్చిన్ ముద్దగా తయారై ఉంటుంది. సరైన సంకేతం అందేదాకా ఆ లార్వా ఈదుతూనే ఉంటుంది. పండకముందు ఎంత మంచి చోటు చూపించినా దిగదు.

## చోటు వెతుక్కోవడం

ఇక్కడే దిగాలని దానికి ఎట్లా తెలుస్తుంది? కళ్లు కూడా సరిగా ఉండవు కదా?

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. లార్వాలు వానచినుకుల్లా ఎక్కడ పడితే అక్కడ రాలిపోతాయని, మంచి చోట పడినవే బతుకుతాయని ఒకప్పుడు చాలామంది అనుకున్నారు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో డగ్లస్ విల్సన్ ఇసుకలో బతికే ఒఫీలియా అనే పురుగు లార్వాలకు రకరకాల ఇసుకలు ఇచ్చి చూశారు. అవి కొన్ని ఇసుకల్లోనే దిగి మారాయి. మిగతా ఇసుకల్లో చాలావరకు మార్పును వాయిదా వేశాయి. ఇసుక రేణువుల మీద ఉండే సూక్ష్మజీవులే ఆ తేడాకు ముఖ్య కారణమని 1950లలో ఆయన పని తేల్చింది. లార్వా ఎంచుకుంటుంది అన్న మాట అప్పటి నుంచి గట్టిపడింది.

ఒక్కో జాతికి ఒక్కో గుర్తు. పగడాల లార్వాలు చాలావరకు రాళ్ల మీద గులాబీ రంగు పూతలా పెరిగే సున్నపు నాచును, దాని మీద ఉండే బ్యాక్టీరియాను పసిగడతాయి. అబలోన్ నత్తలూ అలాంటి నాచునే వెతుకుతాయి. ఆ నాచులోని రసాయనాన్ని పోలిన గాబా అనే పదార్థం నీళ్లలో కలిపితే చాలు, ఎర్ర అబలోన్ లార్వాలు దిగిపోతాయని డేనియల్ మోర్స్ బృందం 1979లో చూపించింది. ఫెస్టిల్లా అనే గుల్లలేని సముద్రపు నత్త ఒక రకం పగడాన్ని మాత్రమే తింటుంది. దాని లార్వా ఆ పగడం నుంచి నీళ్లలోకి కరిగి వచ్చే వాసనకే దిగుతుంది. పెద్దయ్యాక తినబోయే తిండి వాసన పుట్టినప్పటి నుంచి తెలిసినట్టు ఉంటుంది దాని వ్యవహారం.

రసాయనాలొక్కటే కాదు. వెలుగు, నీడ, గరుకుదనం, నీటి ఒరవడి, చివరికి శబ్దం కూడా లెక్కలోకి వస్తాయి. బతికి ఉన్న పగడపు దిబ్బ నిశ్శబ్దంగా ఉండదు. చిటికెల రొయ్యల టపటపలు, చేపల గురగురలు దూరం దాకా వినిపిస్తాయి. ఆ శబ్దం వినిపిస్తే కొన్ని పీతల చివరి దశ లార్వాలు తొందరగా మారతాయని ప్రయోగాల్లో తేలింది.

బయోఫిల్మ్ అంటే పాచే కదా? పాచికి అంత ప్రాధాన్యం ఎందుకు?

పాచి అనుకోవచ్చు, కానీ మనం బావి మెట్ల మీద చూసే ఆకుపచ్చ పాచి కంటే ఎంతో పల్చనిది. ఏ వస్తువునైనా సముద్రంలో ముంచితే కొన్ని గంటల్లోనే బ్యాక్టీరియా చేరి జిగురు పొర కట్టడం మొదలుపెడుతుంది. చేత్తో తాకితే కాస్త జారుడుగా అనిపిస్తుంది, అంతే. లార్వాకు మాత్రం ఆ పొర ఊరి పొలిమేర రాయి లాంటిది. ఇక్కడ నీళ్లు ఎట్లాంటివి, ఈ వస్తువు ఎన్నాళ్లుగా మునిగి ఉంది, విషమేమైనా ఉందా అన్నది అందులో తెలిసిపోతుంది.

హైడ్రాయిడెస్ ఎలెగన్స్ అనే గొట్టపు పురుగు మీద హవాయిలో మైఖేల్ హ్యాడ్‌ఫీల్డ్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. పొర లేని శుభ్రమైన చోట ఈ లార్వాలు దాదాపుగా దిగవు. 2014లో ఇంకా వింతైన సంగతి బయటపడింది. ఆ పొరలో ఉండే ఒక బ్యాక్టీరియా, వైరస్ తోకల్లాంటి బుల్లి సిరంజీలను గుత్తులు గుత్తులుగా తయారుచేస్తుంది. ఆ సిరంజీలు తగిలితే పురుగు లార్వాలో మార్పు మొదలవుతోంది. బ్యాక్టీరియా తన అవసరానికి చేసుకున్న పరికరం ఒక జంతువు పెద్దది కావడానికి తాళంచెవి అయింది.

బార్నకిల్ లార్వా నడుస్తుందని మీరు చెప్పారు. నిజంగా నడుస్తుందా?

నిజంగానే నడుస్తుంది. నేను కళ్లారా చూశాను.

బార్నకిల్‌కు నాప్లియస్ అనే ఈదే లార్వా దశలు ఆరు గడిచాక సైప్రిడ్ అనే చివరి లార్వా వస్తుంది. పొడవు సుమారు అర మిల్లీమీటరు. రెండు రెక్కల గుల్లలో దాచిపెట్టిన నువ్వుగింజలా ఉంటుంది, ఇంకా చిన్నది. నోరు పనిచేయదు. నాప్లియస్‌గా ఉన్నప్పుడు దాచుకున్న నూనె బొట్లే దాని సద్ది. మైక్రోస్కోపు కింద ఆ బొట్లు మెరుస్తుంటాయి.

ముందువైపు మీసాల్లాంటి రెండు చిన్న స్పర్శశృంగాలు ఉంటాయి. వాటి కొసల్లో గుండ్రటి మెత్తటి బిళ్లలు. ఒక బిళ్ల అంటిస్తుంది, రెండోది ఎత్తి ముందుకు వేస్తుంది, మళ్లీ మొదటిది ఎత్తుతుంది. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచే మనిషి చేతుల్లా ఉంటుంది ఆ కదలిక. కొంత దూరం నేరుగా పోయి ఆగుతుంది, చుట్టూ తిరుగుతుంది, అదే చోటును మళ్లీ మళ్లీ తడుముతుంది. నచ్చకపోతే ఈదుకుంటూ లేచిపోతుంది. అడుగు వేసిన చోటల్లా కొంచెం ప్రొటీన్ జిగురు వదులుతుంది. తర్వాత వచ్చే సైప్రిడ్‌లు ఆ అడుగుజాడల్ని కూడా గుర్తుపడతాయి.

నచ్చితే ఒంట్లోని గ్రంథుల నుంచి సిమెంటు వదిలి, తల కిందికి పెట్టి అతుక్కుంటుంది. ఇక జీవితాంతం అక్కడే. తలకిందులుగా ఉండి, కాళ్లతో నీళ్లను వల వేసినట్టు దువ్వి తిండి లాక్కుంటుంది. చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఎనిమిదేళ్లు ఈ జంతువుల మీదే కూర్చున్నారంటే నాకు ఆశ్చర్యం అనిపించదు.

సొంత జాతి పక్కనే దిగితే తిండికి పోటీ కదా? దూరంగా దిగొచ్చు కదా?

పోటీ నిజమే. అయినా పక్కనే దిగడానికి రెండు బలమైన కారణాలు ఉన్నాయి. పెద్ద బార్నకిల్ బతికి ఉందంటే ఆ చోట బతకవచ్చని రుజువు. రెండోది, చాలా బార్నకిల్స్‌లో ఒకే జీవికి ఆడ, మగ రెండు అవయవాలూ ఉన్నా సాధారణంగా పక్కదానితోనే జత కడతాయి. కదల్లేవు కాబట్టి, ఒంటి సైజుతో పోలిస్తే చాలా పొడవైన పురుషాంగాన్ని చాచి పక్క గుల్లలోకి అందిస్తాయి. అందని దూరంలో ఒంటరిగా దిగితే సంతానానికి దారి దాదాపు మూసుకుపోయినట్టే. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలు నవ్వుతాయి, కానీ దీన్ని వదిలేస్తే గుంపుగా దిగడం ఎవరికీ అర్థం కాదు.

పెద్దవాటి గుల్ల మీద ఉండే ఒక ప్రొటీన్‌ను సైప్రిడ్ తడిమి గుర్తుపడుతుంది. నీళ్లలో తేలే వాసన కంటే ఈ స్పర్శే ముఖ్యం. ఆనుకొని కాకుండా పెరగడానికి కాస్త జాగా వదిలి దిగుతాయి.

ఎంత వెతికినా మంచి చోటు దొరకకపోతే?

చాలా జాతుల్లో లార్వా ఆగుతుంది. కానీ ఎప్పటికీ ఆగలేదు. తిండి తినని లార్వాలో దాచుకున్న కొవ్వు కరిగిపోతుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఎంపిక సడలుతుంది. మొదటి రోజు కాదన్న చోటునే వారం తర్వాత ఒప్పుకుంటుంది. కొన్ని జాతులు మాత్రం పట్టు సడలించకుండా ఈదుతూనే చనిపోతాయి.

ఆలస్యంగా దిగినవి మారతాయి గానీ తర్వాత మెల్లగా పెరుగుతాయి, ఎక్కువగా చనిపోతాయి. చిన్నప్పటి పస్తు పెద్దయ్యాక కూడా వెంటాడుతుంది.

## మారిపోవడం

సెటిల్‌మెంట్, మెటమార్ఫసిస్ రెండూ ఒకటేనా? పరీక్షలో ఏది రాయాలి?

ఒకటి కాదు. సెటిల్‌మెంట్ అంటే నీళ్లు వదిలి ఒక చోట దిగి స్థిరపడడం. అది ప్రవర్తన. మెటమార్ఫసిస్, అంటే రూపవిక్రియ, శరీరం మారడం. కొన్ని జాతుల్లో రెండూ వెంటవెంటనే జరుగుతాయి, అందుకే కలిపేస్తారు. అతుక్కోనంతవరకు లార్వా మనసు మార్చుకొని లేచిపోవచ్చు. రూపవిక్రియ మొదలయ్యాక సాధారణంగా వెనక్కి పోలేదు. ఈ తేడా ఒక్క వాక్యంలో రాసినా మార్కు వస్తుంది.

పట్టుపురుగు ప్యూపాలో పది పదిహేను రోజులు ఉంటుంది. ఇవి గంటలో మారతాయంటే నమ్మబుద్ధి కావట్లేదు.

నమ్మండి, ఎందుకంటే పని ముందే అయిపోయి ఉంటుంది. పట్టుపురుగు గూట్లోకి వెళ్లాక చాలా అవయవాల్ని తిరిగి కట్టుకుంటుంది. సీ అర్చిన్ లార్వా ఈదుతున్నప్పుడే తన ఎడమ పక్కన కాబోయే అర్చిన్‌ను, దాని ముళ్లతో, గొట్టపు కాళ్లతో సహా, చాలావరకు కట్టేసుకుంటుంది. పెళ్లికి ముందే వంటంతా అయిపోయి, వడ్డించడమే మిగిలినట్టు.

సంకేతం అందగానే లోపలున్న గొట్టపు కాళ్లు బయటికి వచ్చి రాయిని పట్టుకుంటాయి. లార్వా పొడవాటి చేతులు ముడుచుకుపోతాయి. గంట అటూ ఇటుగా కుడి ఎడమ పక్కలున్న జీవి పోయి, అయిదు దిక్కులున్న గుండ్రటి అర్చిన్ నిలబడుతుంది. అయితే దాని నోరు అప్పుడే తెరుచుకోదు. తినడం మొదలుపెట్టడానికి మరికొన్ని రోజులు పడుతుంది. అన్నాళ్లూ లార్వా శరీరం మింగి దాచుకున్నదే ఆధారం.

హెర్డ్‌మానియా తన మెదడును తానే తినేస్తుందంట, నిజమేనా?

యూట్యూబ్‌లో ఈ మాట బాగా తిరుగుతోంది. తినడం అన్న మాట తప్పు. మెదడు లేకుండా పోతుందన్నదీ తప్పు.

సీ స్క్విర్ట్ లార్వా కప్ప తోకపిల్లలా ఉంటుంది. తోకలో పృష్ఠవంశం (నోటోకార్డ్ అనే ఊతకడ్డీ), వీపు వైపు నాడీ గొట్టం, తలలో వెలుగును, బరువును పసిగట్టే భాగాలు ఉంటాయి. అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ 1866లో దీని ఎదుగుదలను వివరించాకే ఈ జంతువులు వెన్నెముక జీవులకు దగ్గర చుట్టాలని తెలిసింది. లార్వా ముందుభాగంతో రాయికి అతుక్కుంటుంది. తోక ముడుచుకొని ఒంట్లోకి ఇంకిపోతుంది. పృష్ఠవంశం పోతుంది. లార్వా నాడీ వ్యవస్థలో చాలా భాగం కరిగిపోతుంది. ఆ స్థానంలో పెద్దదానికి కావలసిన నాడీ ముడి తయారవుతుంది. నోరు ఉన్న దిక్కే మారిపోయి, నీళ్లు పీల్చి వడకట్టుకునే సంచి లాంటి శరీరం వస్తుంది.

పుస్తకం దీన్ని తిరోగమన రూపవిక్రియ అంటుంది. పరీక్షలో ఆ పేరే రాయండి. నా మటుకు నాకు ఆ పేరు నచ్చదు. కదలని జీవికి తోక ఎందుకు? అది వెనక్కి పోవడం కాదు, కొత్త బతుకుకు తగ్గట్టు కట్టుకోవడం.

కప్పకు థైరాక్సిన్ ఉన్నట్టు వీటికీ హార్మోన్లు ఉంటాయా?

తోకపిల్లను కప్పగా మార్చే హార్మోన్ థైరాక్సిన్. చేపల్లో అదే కథ. నాలుక చేపల్లాంటి బల్లపరుపు చేపల పిల్లలు మొదట మామూలు చేపల్లా నిటారుగా ఈదుతాయి. థైరాయిడ్ హార్మోన్ పెరిగాక ఒక కన్ను తల మీదుగా రెండో పక్కకు జరుగుతుంది. చేప పక్కకు వాలి అడుగున పడుకుంటుంది. వెన్నెముక లేని జంతువుల్లో ఒకే దారి లేదు. ఒక్కో వర్గం ఒక్కో సంకేతాన్ని వాడుకుంటుంది.

ఒకసారి మారాక మళ్లీ లార్వా కాగలదా?

బార్నకిల్, అర్చిన్, ఆయిస్టర్ కాలేవు. పగడాల్లో ఒక మినహాయింపు ఉంది. అప్పుడే అతుక్కున్న పొసిలోపోరా పగడపు పిల్లకు ఇబ్బంది కలిగితే, అది సున్నపు పునాదిని వదిలేసి మళ్లీ ఈదే లార్వా రూపానికి పోగలదని 1985లో ప్రచురించారు. చావులేని జెల్లీఫిష్ అని పేరుపడ్డ ట్యురిటాప్సిస్ వెనక్కి పోయేది అడుగున అతుక్కొని ఉండే పాలిప్ దశకు, లార్వాకు కాదు.

## అతుక్కున్నాక

ఇక అంతేనా? చోటు దొరికితే బతికినట్టేనా?

కాదు. అతుక్కున్న తొలి రోజులు చాలా కష్టమైనవి. ఎండ, ఇసుక ఒరిపిడి, మేసే నత్తలు, పక్కవాటి తోపులాట అన్నీ ఆ చిన్న ప్రాణం మీదే. చాలా జాతుల్లో వందకు తొంభైకి పైగా తొలి దశలోనే పోతాయి.

స్కాట్లండ్ తీరంలో జోసెఫ్ కానెల్ చేసిన పని 1961లో వచ్చింది. థమలస్ అనే చిన్న బార్నకిల్ లార్వాలు బండ కింది భాగంలోనూ దిగుతాయి. కానీ అక్కడ వేగంగా పెరిగే ఇంకో బార్నకిల్ వాటిని కప్పేస్తుంది, పెకిలిస్తుంది. ఎండ తగిలే పైభాగంలో మాత్రమే థమలస్ మిగులుతుంది. పెద్దవి కనిపించే చోటును చూసి లార్వాలు అక్కడే దిగాయని చెప్పకూడదు.

ఓడలకు పట్టకుండా మందు పూస్తారట కదా?

పూస్తారు. గుల్లలు పడితే ఓడ అడుగు గరుకెక్కి ఇంధనం ఎక్కువ తాగుతుంది. ట్రైబ్యుటైల్ టిన్ కలిపిన రంగు బాగా పనిచేసింది, కానీ చుట్టూ ఉన్న సముద్రాన్నీ దెబ్బతీసింది. ఫ్రాన్స్‌లోని అర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల గుల్లలు వికారంగా తయారయ్యాయి, పిల్లలు నిలవలేదు. 1982లో అక్కడ చిన్న పడవలకు ఆ రంగును నిషేధించారు. ప్రపంచవ్యాప్త ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రాగి కలిపిన రంగులు, లార్వా అడుగు ఆననివ్వని జారుడు పూతలు వాడుతున్నారు. సైప్రిడ్ ఎట్లా తడుముతుందో తెలిసినవాళ్లే చంపకుండా ఆపే పూత తయారుచేయగలరు.

హేచరీలో నాప్లి, జోయా, మైసిస్, పీఎల్ అంటారు. అది కూడా ఇదేనా?

అవి రొయ్య లార్వా వరుస దశల పేర్లు. అదీ రూపవిక్రియే. రొయ్య నాప్లియస్ తినదు, పచ్చసొనతో బతుకుతుంది. జోయాకు నాచు పెడతారు, మైసిస్‌కు ఆర్టీమియా అనే ఉప్పునీటి బుల్లి జీవి పిల్లల్ని వేస్తారు. జోయా మూడు, మైసిస్ మూడు దశలు దాటితే పోస్ట్‌లార్వా (పీఎల్), అదే రైతులు సీడ్ అని కొనేది. బార్నకిల్‌లా సిమెంటు పెట్టుకోదు, అడుగుకు చేరి పాకడం నేర్చుకుంటుంది. జోయా నుంచి మైసిస్‌కు మారేటప్పుడు ట్యాంకుల దగ్గర అందరికీ టెన్షన్ అని మన పాత విద్యార్థులు చెబుతారు. ఒక దశ నుంచి ఇంకో దశకు శరీరం, తిండి రెండూ ఒకేసారి మారతాయి కాబట్టి ఆ భయం సహజం.

మన చెరువుల్లో, పెన్నలో ఇట్లాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. మన చెరువు బురదలో దొరికే ఆల్చిప్ప లార్వాను గ్లోకిడియం అంటారు. దానికి రెండు బుల్లి రెక్కల గుల్ల ఉంటుంది. చేప మొప్పలకో రెక్కలకో కరుచుకొని, కొన్నాళ్లు దాని మీదే ఉండి, మారాక కింద రాలిపోతుంది. పెద్దగా కదల్లేని తల్లి పిల్లల్ని చేప మోసుకుపోతుంది. చేపలు పోతే ఆల్చిప్పలూ పోతాయి.

నీలకంఠ రొయ్య పెద్దయ్యాక మంచినీటిది, కానీ దాని లార్వాకు ఉప్పు కలిసిన నీరు కావాలి. అందుకే గుడ్లు మోస్తున్న ఆడరొయ్య నది మొగ వైపు దిగుతుంది. దారిలో ఆనకట్ట ఉంటే పిల్ల రొయ్య తిరిగి పైకి రావడం కష్టం.

సముద్రం పుల్లబడుతోందంటున్నారు. లార్వాలకు ఏమవుతుంది?

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగి, గుల్ల కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్‌ను తగ్గిస్తుంది. అమెరికా పడమటి తీరంలో 2007 తర్వాత ఆయిస్టర్ హేచరీల్లో లార్వాలు కుప్పలుగా చనిపోయాయి. లోతు నుంచి పైకి వచ్చిన నీటిలో ఆమ్లత్వం ఎక్కువగా ఉండడమే కారణమని తేలింది. గుడ్డు ఫలించిన తొలి రెండు రోజుల్లో మొదటి గుల్ల కట్టుకునేటప్పుడే దెబ్బ తగులుతుంది. నీటిని పరీక్షించి సరిచేసుకోవడం మొదలుపెట్టాక హేచరీలు కోలుకున్నాయి. సముద్రంలో ఉన్న లార్వాకు ఆ వసతి లేదు.

## కళ్లతో చూడాలంటే

మేము కూడా చూడొచ్చా? ల్యాబ్‌లో ఏం కావాలి?

మొదటిసారి నేను చేసింది తప్పు. నెల్లూరు తీరం నుంచి ప్లాంక్టన్‌ను, అంటే నీళ్లలో తేలే బుల్లి జీవుల్ని, క్యాన్‌లో పట్టుకొని మే నెలలో బస్సులో కడపకు తెచ్చాను. దారిలోనే నీళ్లు వేడెక్కాయి. మైక్రోస్కోపు కింద పెట్టేసరికి ఒక్కటీ కదల్లేదు. పిల్లలు ఆశగా చుట్టూ నిలబడి ఉన్నారు. ఆ రోజు నాకు ఇంకా గుర్తుంది.

అందుకే ఇప్పుడు లార్వాను ఇక్కడికి తేను, ఇక్కడి రాయిని అక్కడికి పంపుతాను. నాపరాయి ముక్కలు రెండు, అరచేయంతవి, అంచుకు రంధ్రం వేయించి నైలాన్ తాడు కట్టాలి. ఒకదాన్ని పది రోజులు ముందుగా ఉప్పుటేట్లో వేలాడదీయాలి, రెండోది ఆ తర్వాత పక్కనే కట్టాలి. పడవ కట్టే చోటు యజమానిని అడిగి, ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండేంత లోతులో కట్టండి. వారానికోసారి పైకి తీసి ఫోటో తీసి, తడి ఆరకముందే మళ్లీ దించాలి. ఎండాకాలం వద్దు, వర్షాలు తగ్గాక మొదలుపెట్టండి. చేతి లెన్సు చాలు, మైక్రోస్కోపు ఉంటే మరీ మంచిది.

మా ముక్కల్లో ముందుగా ముంచిన దాని మీద మూడో వారానికి గొట్టపు పురుగులు ఎక్కువగా కనిపించాయి. బార్నకిల్స్ రెండింటి మీదా వచ్చాయి, అయితే చదునైన ముఖం మీద కాదు, ఉలి తగిలి గరుకైన అంచు వెంట వరుసగా. కొన్ని ఆవగింజంత కూడా లేవు. వాటి నడుమ ఒకచోట చిన్న తెల్లటి వలయం మాత్రమే మిగిలి ఉంది. అక్కడ ఒకటి దిగింది, అతుక్కుంది, పోయింది. ఆ నాపరాయి ముక్క జువాలజీ ల్యాబ్‌లో కిటికీ పక్కన అల్మారాలో, రెండో అరలో ఉంది. అటెండర్‌ను అడిగితే ఇస్తారు. అంచు వైపు పట్టుకోకుండా జాగ్రత్తగా తీసి చూడండి.